ఊపిరి ముందొస్తుంది, మోకాలు వెనకొస్తుంది

ఆగస్టులో హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు సైకిల్ మీద వెళ్తే దారి పొడవునా ఎదురుగాలే. రుతుపవనాల రోజులు కాబట్టి గాలి పడమటి నుంచి వీస్తూనే ఉంటుంది. ఏడేళ్ల విరామం తర్వాత మళ్లీ లాంగ్ రైడ్‌లు మొదలుపెట్టిన నాకు అది నాలుగో ఆదివారం. మొయినాబాద్ దాటాను, చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద నుంచి వెళ్లాను, ఎక్కడా ఆయాసం లేదు. పాత ఓపిక తిరిగొచ్చేసిందన్న సంతోషంలో గేర్ తగ్గించకుండా గాలికి ఎదురు తొక్కాను. మన్నెగూడ దగ్గర టీ తాగి మళ్లీ సైకిల్ ఎక్కేసరికి కుడి మోకాలి చిప్ప కింద సూది గుచ్చినట్టు నొప్పి. సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి వచ్చాను. ఆ తర్వాత ఆరు వారాలు మెట్లు దిగడం కూడా కష్టమైంది.

మళ్లీ మొదలుపెట్టేవారికి అందరూ చెప్పే మాట ఒకటే: మెల్లగా మొదలుపెట్టు. నాకూ చెప్పారు. కానీ ఏది మెల్లగా, ఎంత మెల్లగా, ఎందుకు మెల్లగా అన్నది ఎవరూ విడమరిచి చెప్పలేదు. నా లెక్క ప్రకారం నేను మెల్లగానే మొదలుపెట్టాను. మొదటి వారం 30 కిలోమీటర్లు, తర్వాత 45, తర్వాత 60. ఆయాసం వస్తే ఆగుదాం అనుకున్నాను. ఆయాసం రాలేదు కాబట్టి పెంచుకుంటూ పోయాను. తప్పు అక్కడే జరిగింది. ఆయాసం గుండె, ఊపిరితిత్తుల కబురు చెబుతుంది. మోకాలి కబురు దానికి తెలియదు.

పల్లెల్లో ఒకే పొలంలో రెండు పంటలు వేస్తారు. మెంతికూర మూడు వారాలు దాటితే కోతకొస్తుంది. కంది కాయ పట్టి ఎండడానికి ఐదారు నెలలు కావాలి. రెండూ ఒకే రోజు చల్లిన విత్తనాలే. మెంతికూర కోశాం కదా అని కంది మీద కొడవలి వేస్తే ఏమీ రాదు. విరామం తర్వాత సైకిల్ ఎక్కినవాడి ఒళ్లు సరిగ్గా అలాంటి పొలమే. రక్తం, గుండె, కండరాలు, టెండన్లు, కూర్చునే చోట చర్మం, చేతి నరాలు, ఎండ తట్టుకునే శక్తి అన్నీ ఒకే రోజు పని మొదలుపెడతాయి. చేతికొచ్చే రోజులు మాత్రం వేరు.

మొదటి మూడు వారాలు ఎందుకు అంత తేలిక

సాధన మానేస్తే అన్నిటికన్నా ముందు కండ తగ్గుతుందని అనుకుంటాం. నిజానికి ముందు తగ్గేది రక్తం. రోజూ గంటల తరబడి తొక్కే మనిషి ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది. అందువల్ల గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపగలదు. తొక్కడం ఆపిన రెండు మూడు వారాల్లోనే ఆ అదనపు ప్లాస్మా పోతుంది. గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది.

1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్, ఆయన సహచరులు దీన్ని కొలిచి చూశారు. ఏళ్ల తరబడి సాధన చేసిన ఏడుగురితో 84 రోజులు పూర్తిగా శిక్షణ మాన్పించారు. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్, అంటే సైకిలిస్టులు వీఓ2 మ్యాక్స్ అని పిలుచుకునే కొలత, మొదటి మూడు వారాల్లోనే 7 శాతం పడిపోయింది. తర్వాత తగ్గుదల నెమ్మదించి 16 శాతం దగ్గర నిలిచింది. కండరాల్లో ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైములు 40 శాతం దాకా తగ్గాయి. కానీ కండరాలకు రక్తం చేరవేసే సన్నటి కేశనాళికలు 84 రోజుల తర్వాత కూడా దాదాపు అలాగే ఉన్నాయి. అంటే నీళ్లు తగ్గాయి, కాలవలు పూడిపోలేదు.

అది మూడు నెలల లెక్క. ఐదేళ్లు, పదేళ్లు మానేసినవారికి పాత సాధన ఫలం చాలావరకు కరిగిపోతుంది. దానికి వయసు తోడవుతుంది. ముప్పై దాటాక పెద్దగా వ్యాయామం చేయనివారి వీఓ2 మ్యాక్స్ పదేళ్లకు సుమారు 10 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. కాబట్టి 35 ఏళ్లప్పుడు ఆపి 45లో మొదలుపెట్టినవారు రైడ్‌లు నమోదు చేసే స్ట్రావా యాప్‌లోని పాత రికార్డుల పక్కన ఇప్పటి టైమింగ్స్ పెట్టి చూసుకోవడం న్యాయం కాదు. అవి వేరే వయసులో, వేరే ఒంటితో తొక్కినవి. నేను ఆ పాత రికార్డులు కనబడకుండా కొత్త అకౌంట్ తెరిచాను. అది నాకు చాలా మేలు చేసింది.

ఇక తిరిగొచ్చే దారి చూద్దాం. ముందు పోయిన ప్లాస్మానే ముందు తిరిగొస్తుంది. మళ్లీ తొక్కడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఒళ్లు నీటిని, ఉప్పును పట్టి ఉంచి ప్లాస్మా పెంచుకుంటుంది. ఎర్ర రక్తకణాలకు ఇంకొన్ని వారాలు కావాలి. కండరాల్లోని ఎంజైములు నాలుగు నుంచి ఆరు వారాల్లో స్పష్టంగా పెరుగుతాయి. పెడల్ ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో కండరాలకు చెప్పే నరాల పని కూడా త్వరగా సర్దుకుంటుంది. ఇవన్నీ కలిసి రెండో వారానికే మనిషికి గాల్లో తేలుతున్నట్టు అనిపిస్తుంది. మొదటి రోజు నిమిషానికి 160 చూపించిన గుండె వేగం అదే రోడ్డు మీద, అదే స్పీడులో 145కి దిగుతుంది. ఇది భ్రమ కాదు, నిజమైన మార్పే. కాకపోతే ఒళ్లంతా తిరిగొచ్చిందని అనుకోవడం పొరపాటు.

పాత సాధన కండరాలకు గుర్తుంటుందా అని చాలామంది అడుగుతారు. 2010లో నార్వేలో ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఆశ పుట్టించే విషయం తేలింది. కండ పెరిగేటప్పుడు కండర కణంలో కొత్త కేంద్రకాలు చేరతాయి. తర్వాత కండ తగ్గినా ఆ కేంద్రకాలు పోలేదు. మనుషుల్లో ఇది ఎంతవరకు నిజమన్న చర్చ ఇంకా తెగలేదు. కానీ ఒకప్పుడు బాగా తొక్కినవారు కొత్తవారికన్నా త్వరగా పుంజుకోవడం ఏ సైకిల్ గ్రూపులోనైనా కళ్లారా చూడొచ్చు. తిరిగి వచ్చేవాడికి అసలు గండం ఇదే. కొత్తవాడికి ఊపిరీ కండా కూడా నెమ్మదిగానే వస్తాయి కాబట్టి మోకాలికి టైమ్ దొరుకుతుంది. పాతవాడి తొడలు రెండు నెలల్లో మోకాలు మోయలేనంత బలం తెచ్చుకుంటాయి.

టెండన్ లెక్క వేరు

కండను ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు లాంటిదే టెండన్. తొడ ముందు కండరాల బలం మోకాలి చిప్ప మీదుగా, దాని కింది టెండన్ ద్వారా కాలి ఎముకకు చేరుతుంది. పెడల్ నొక్కిన ప్రతిసారీ ఆ బరువంతా దాని మీదుగానే పోతుంది. కండరంతో పోలిస్తే టెండన్‌కు రక్త సరఫరా బాగా తక్కువ. అందుకే ఏ మార్పు రావాలన్నా నెలలు పడుతుంది.

అది ఎంత నెమ్మదో చెప్పే ఒక పరిశోధన ఉంది. 1950ల్లో, 60ల మొదట్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ విపరీతంగా పెరిగి, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఆ కాలంలో పెరిగినవారి శరీర భాగాల్లో ఆ కార్బన్ ఎంతుందో చూస్తే, ఆ భాగం ఏ ఏడాదిలో తయారైందో అంచనా వేయొచ్చు. డెన్మార్క్ పరిశోధకులు 2013లో ఈ పద్ధతిలో మడమ వెనక ఉండే అఖిలిస్ టెండన్‌ను పరీక్షించారు. దాని మధ్యభాగం సుమారు పదిహేడేళ్ల వయసు దాకా తయారై, ఆ తర్వాత దాదాపుగా మారడం లేదని తేలింది. అంటే నలభై ఐదేళ్ల మనిషి టెండన్‌లో ఎక్కువ భాగం ఇంటర్మీడియట్ చదివే రోజుల నాటిది. పాతది తీసేసి కొత్తది కట్టుకోవడం ఒంటికి చేతకాదు. ఉన్నదాన్నే మెల్లమెల్లగా బరువుకు అలవాటు చేసుకోవాలి. ఇది చదివాక నా మోకాలి మీద నాకు కోపం పోయింది.

టెండన్ నొప్పి ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. రైడ్ మొదట్లో కొంచెం పట్టేసినట్టు ఉండి, ఒళ్లు వేడెక్కగానే తగ్గిపోతుంది. తగ్గింది కదా అని ఇంకో 40 కిలోమీటర్లు వెళ్తాం. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. నన్ను చూసిన ఫిజియోథెరపిస్ట్, "సార్, ఈ నొప్పి నిన్న మొదలైంది కాదు. మూడు వారాల నుంచి పొద్దున్నే మెట్ల మీద చెబుతూనే ఉండి ఉంటుంది, గుర్తు చేసుకోండి" అంది. గుర్తు చేసుకుంటే నిజమే. రెండో వారం నుంచే పొద్దున మెట్లు దిగేటప్పుడు చిన్న బిగింపు ఉండేది. నేను దాన్ని కండ నొప్పి అనుకున్నాను.

రెండిటికీ తేడా పట్టుకోవడం కష్టం కాదు. కండ నొప్పి రెండు కాళ్లకూ ఉంటుంది, తొడంతా పరుచుకుని ఉంటుంది, రెండు రోజుల్లో పోతుంది. టెండన్ నొప్పి సాధారణంగా ఒక కాలికే వస్తుంది. ఒక వేలితో చూపించగలిగే చోట ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు పెరుగుతుంది. ఆ రెండో రకం కనిపిస్తే ఆ వారం దూరం పెంచకూడదు. తొక్కితే తేలిక గేర్‌లో అరగంట చాలు. పూర్తిగా మంచానికి అంటుకుపోవడం కూడా మందు కాదు. టెండన్‌కు బరువు కావాలి, కానీ కొలిచి ఇవ్వాలి. ఫిజియో నాతో చేయించింది కూడా అదే: గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం, మెట్టు ఎక్కి చాలా నెమ్మదిగా దిగడం, తర్వాత కొద్దికొద్దిగా బరువు పట్టుకుని గుంజీల్లా లేవడం. వారానికి మూడుసార్లు. నెల దాకా తేడా తెలియలేదు. మూడు నెలలకు మెట్ల సంగతే మర్చిపోయాను.

గేర్ గురించి ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే మోకాలి బాగోగులు చాలావరకు అక్కడే తేలతాయి. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున 100 కిలోమీటర్లకు ఐదు గంటలు. నిమిషానికి 85 సార్లు పెడల్ తిప్పితే ఒక్కో మోకాలు ఆ ఐదు గంటల్లో 25,500 సార్లు వంగి లేస్తుంది. 60 సార్లు తిప్పితే 18,000. తక్కువ సార్లు వంగితే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ స్పీడు అదే ఉండాలంటే ఒక్కో నొక్కుకు 40 శాతం పైగా ఎక్కువ బలం పెట్టాలి. ఆ అదనపు బలమంతా మోసేది టెండనే. తేలిక గేర్‌లో వేగంగా తిప్పితే భారం గుండె, ఊపిరితిత్తుల మీదికి పోతుంది. మొదటి నెలల్లో ఒంట్లో త్వరగా కోలుకునేవి అవే కాబట్టి పని వాటికే అప్పగించాలి. ఎదురుగాలిని కూడా ఘాట్ రోడ్డులాగే చూడాలి. స్పీడు 14కి పడిపోయినా పర్వాలేదు, గేర్ తగ్గించాలి. ఆ ఆగస్టు ఆదివారం నేను చేయనిది ఈ ఒక్క పనే.

సైకిల్‌కు వెనక 28 పళ్ల చక్రమే పెద్దదైతే, కుదిరితే 32 లేదా 34 పళ్లది వేయించుకోవాలని నా సలహా. వెనక పళ్లు పెరిగితే గేర్ తేలికవుతుంది. యవ్వనంలో బరువైన గేర్ తొక్కడం గొప్ప అనుకునేవాళ్లం. ఇప్పుడు వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ ఎక్కేటప్పుడు కూర్చునే ఎక్కగలగడం నాకు ముఖ్యం.

పాత కొలతలు ఇప్పుడు సరిపోవు

విరామం తర్వాత చాలామంది పాత సైకిల్‌నే గోడ మీంచి దించి, పాత కొలతలతోనే ఎక్కేస్తారు. సైకిల్ మారలేదు. మనం మారాం. పొట్ట వచ్చింది, తొడ వెనక కండరాలు బిగుసుకున్నాయి, ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చుని మెడ, నడుము వంగడం మానేశాయి. ఒకప్పుడు హాయిగా పట్టుకున్న కింది హ్యాండిల్ ఇప్పుడు అందుకోవాలంటే వీపు విల్లులా వంగాలి, పొట్ట తొడలకు తగులుతుంది. అలా వంగి రెండు గంటలు గడిపితే బరువంతా అరచేతుల మీద పడుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర నరం నలుగుతోందని అర్థం. దాన్ని ఓర్చుకోకూడదు. హ్యాండిల్ పైకి లేపాలి, చేతులు పట్టుకునే చోట్లు తరచూ మార్చాలి.

సీటు ఎత్తు సరిచూసుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పాత పద్ధతి ఒకటుంది. గోడకు ఆనుకుని సైకిల్ మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టాలి. పెడల్ కిందికి వెళ్లినప్పుడు కాలు పూర్తిగా చాచినట్టు ఉండాలి. అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సరైన వంపు 25 నుంచి 35 డిగ్రీలు అని ఫిట్టింగ్ చేసేవాళ్లు చెబుతారు. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందు నొప్పి, మరీ పైకి ఉంటే మోకాలి వెనక నొప్పి రావడం మామూలు. నా సీటు ఏడేళ్ల కింద పెట్టిన చోట లేదు. బిగించే బోల్టు జారి సుమారు రెండు సెంటీమీటర్లు దిగింది. చూసుకోకుండా నాలుగు వారాలు తొక్కాను.

కూర్చునే చోటు గురించి మాట్లాడటానికి చాలామంది మొహమాటపడతారు. కానీ లాంగ్ రైడ్ మధ్యలో ఆపేయడానికి అది పెద్ద కారణం. పిరుదుల ఎముకల మీద వచ్చే నొప్పి మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది. వారానికి మూడుసార్లు ఎక్కేవారికి త్వరగా తగ్గుతుంది, ఆదివారం మాత్రమే ఎక్కేవారికి ప్రతి ఆదివారం మొదటికొస్తుంది. ప్యాడెడ్ షార్ట్స్ లోపల ఇంకే లోదుస్తులూ వేసుకోకూడదు. రాపిడి వచ్చే చోట పెట్రోలియం జెల్లీ రాయాలి. రైడ్ అయ్యాక ఆ బట్టల్లోనే కూర్చుని టిఫిన్ చేయకుండా వెంటనే స్నానం చేయాలి. తిమ్మిరి మాత్రం వేరే సంగతి. ముందు భాగంలో స్పర్శ తెలియకుండా పోతోందంటే అలవాటవుతుందిలే అని ఊరుకోకూడదు. సీటు వంపు మార్చాలి, లేదా మధ్యలో ఖాళీ ఉన్న సీటు తీసుకోవాలి.

సైకిల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏళ్లు నిలబెట్టిన టైర్ల పక్కల్లో పగుళ్లు ఉంటే లోతు ఎంతున్నా మార్చేయాలి. బ్రేక్ కేబుళ్లు, బ్రేక్ ప్యాడ్లు, చైన్, ట్యూబులు కూడా మార్చుకుంటే మంచిది. హెల్మెట్ లోపలి ఫోమ్ పాతబడి ఉంటే కొత్తది కొనాలి. మనం ఆపిన రోజుల్లో 23 మిల్లీమీటర్ల సన్న టైర్లలో 110 పీఎస్ఐ గాలి కొట్టేవాళ్లం. ఇప్పుడు చాలామంది 28 లేదా 32 మిల్లీమీటర్ల టైర్లలో అంతకన్నా చాలా తక్కువ గాలితో తొక్కుతున్నారు. మన రోడ్ల గతుకుల మీద చేతులకూ నడుముకూ ఆ తేడా మొదటి గంటలోనే తెలుస్తుంది. ఫ్రేమ్‌లో చోటుంటే ఈ ఒక్క మార్పు తప్పకుండా చేసుకోండి.

ఎండ, ఉప్పు, తిండి

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు చాలు. చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. కానీ వేడికి దూరంగా ఉంటే వారం రోజుల్లోనే ఆ అలవాటు తగ్గడం మొదలవుతుంది. ఏసీ ఆఫీసులో వారమంతా గడిపి ఏప్రిల్ ఆదివారం పదకొండింటి దాకా తొక్కడం నిజంగా ప్రమాదం. కోస్తాలో ఇంకో చిక్కుంది. విశాఖ, విజయవాడల్లో ఉష్ణోగ్రత హైదరాబాద్‌కన్నా రెండు డిగ్రీలు తక్కువ చూపించినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అక్కడ తొక్కేవారు థర్మామీటర్ చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

వేడిలో గట్టిగా తొక్కితే గంటకు లీటరు, అంతకుమించి కూడా చెమట పోవచ్చు. దాన్ని ఉత్త నీళ్లతోనే పూడ్చాలనుకుంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వికారం, అయోమయం మొదలవుతాయి. దాన్ని నీళ్లు తక్కువై వచ్చిన బాధ అనుకుని ఇంకా నీళ్లు తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఒక సీసాలో నీళ్లు, ఇంకో సీసాలో ఓఆర్ఎస్ పెట్టుకోవడం సులువైన ఉపాయం. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకు లెక్కగట్టి తయారుచేసింది. 750 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం పోసేయకూడదు. దారిలో దొరికే ఉప్పేసిన మజ్జిగ కూడా మంచిదే.

తిండి విషయంలో పాతవారు చేసే తప్పు, ఒకప్పుడు పొద్దున టీ తాగి 80 కిలోమీటర్లు వెళ్లొచ్చిన రోజుల్ని గుర్తుచేసుకోవడం. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే కండరాలు, కాలేయం దాచుకునే పిండిపదార్థం, సుమారు 400 నుంచి 500 గ్రాములు. సాధన ఉన్న శరీరం దాన్ని పొదుపుగా వాడుతూ కొవ్వును ఎక్కువగా ఖర్చు చేస్తుంది. సాధన లేని శరీరానికి ఆ పొదుపు తెలియదు. అందుకే మూడో గంటలో ఒక్కసారిగా కాళ్లలో సత్తువ పోయి, కళ్లు చీకట్లు కమ్మి, రోడ్డు పక్కన కూలబడతాం. రెండు గంటలు దాటే రైడ్‌లో మొదటి అరగంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తినడం మొదలుపెట్టాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములుంటాయి. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, ఉప్పు చల్లిన ఉడికించిన ఆలుగడ్డ, ఇడ్లీలు ఏవైనా పర్వాలేదు. అయితే సైకిల్ మీద తిని అరిగించుకోవడానికి కడుపుకూ సాధన కావాలి. 200 కిలోమీటర్ల రోజునే మొదటిసారి ఎనర్జీ జెల్ ప్రయత్నించి వాంతి చేసుకున్నవారిని చూశాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. విరామంలో మనలో చాలామందికి బీపీ, షుగర్ వచ్చి చేరాయి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారికి లాంగ్ రైడ్‌లో షుగర్ బాగా పడిపోవచ్చు. బీపీకి మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడితే ఎండలో నీళ్లు, ఉప్పు ఇంకా త్వరగా పోతాయి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడితే అది అంతగా పెరగదు కాబట్టి వాచీలో కనిపించే అంకెలు నమ్మడానికి వీల్లేదు. నలభై దాటి, ఇలాంటివి ఏవైనా ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు మొదటి రైడ్‌కు ముందే డాక్టర్‌ను కలవాలి. నేను మళ్లీ మొదలుపెడతానంటే మా అమ్మాయి, "నాన్నా, ముందు టెస్టులు చేయించుకుంటేనే" అని పట్టుబట్టింది. చేయించుకున్నాను. తొక్కుతుండగా ఛాతీలో బరువు, ఎడమ చెయ్యికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం వస్తే అక్కడే ఆగి ఆస్పత్రికి వెళ్లాలి. నెమ్మదిగా ఇంటి దాకా తొక్కుదాం అనుకోకూడదు.

200 అంటే ఎంత

తిరిగి రావడానికి ఒక గమ్యం ఉంటే మంచిది. మన దగ్గర లాంగ్ రైడ్ అంటే చాలామందికి బ్రెవేలే గుర్తొస్తాయి. ఫ్రాన్స్‌లో 1904లో మొదలైన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నిబంధనలతో హైదరాబాద్ రాండనర్స్ లాంటి క్లబ్బులు నడిపే రైడ్‌లు ఇవి. పోటీ కాదు, మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 300 అయితే 20 గంటల్లో, 400 అయితే 27, 600 అయితే 40 గంటల్లో పూర్తి చేయాలి. నాలుగూ ఒకే సీజన్‌లో చేస్తే సూపర్ రాండనర్ అంటారు. 1891లో మొదటిసారి జరిగిన పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు వెళ్లాలంటే అది జరిగే ఏడాదిలో ఆ నాలుగూ చేసి ఉండాలి. నాలుగేళ్లకోసారి జరిగే ఆ 1,200 కిలోమీటర్ల రైడ్ మళ్లీ 2027లో ఉంది. అందుకే ఈ మధ్య పాతవారు చాలామంది సైకిళ్లు దించుతున్నారు.

200 అన్న అంకె చూసి టెన్షన్ పడేవారు ఒక కూడిక, తీసివేత చేసుకోవాలి. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కితే పది గంటలు. ఇంకా మూడున్నర గంటలు మిగులుతాయి. తినడానికి, నీళ్లు పట్టుకోవడానికి, పంక్చర్ వేసుకోవడానికి, చెట్టు కింద కాసేపు నడుము వాల్చడానికి అది సరిపోతుంది. కాబట్టి తిరిగి వచ్చేవాడికి కావలసింది స్పీడు కాదు. పది గంటలు సైకిల్ మీద కూర్చోగల ఒళ్లు.

మోకాలు బాగయ్యాక రెండోసారి నేను వేసుకున్న లెక్క ఇలా ఉంది. కిలోమీటర్లు కాకుండా గంటలు లెక్కపెట్టాను. మొదటి రెండు నెలలు వారానికి నాలుగు రోజులు, పక్కవారితో ఆగకుండా మాట్లాడగలిగే వేగంలో మాత్రమే తొక్కాను. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి నాలుగో వారం సగానికి తగ్గించాను. ఆదివారం రైడ్ గంటన్నరతో మొదలై నాలుగో నెలకు ఐదు గంటలైంది. పని రోజుల్లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో వేసిన, పైన సోలార్ పలకలున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ బాగా పనికొచ్చింది. ట్రాఫిక్ లేదు, నీడ ఉంది, ఎవరూ తొందరపెట్టరు.

తొందరపెట్టేది గ్రూప్ రైడ్. పాత స్నేహితుడు ఫోన్ చేసి, "అన్నా, శ్రీశైలం పోదాం వస్తవా, నువ్వున్నవంటే మాకు ధైర్యం" అన్నాడు. ఆ మాటకు కాదనడం ఎంత కష్టమో తొక్కేవారికి తెలుసు. శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటాక అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. అంటే వెనకబడితే మధ్యలో ఆగే వీలు కూడా లేని దారి. అలాంటి చోటికి గ్రూప్‌తో వెళ్తే మన వేగంతో కాదు, వారి వేగంతో తొక్కుతాం. "ఈ ఏడు రాను తమ్ముడూ, వచ్చే చలికాలం చూద్దాం" అని చెప్పాను. వాడు నొచ్చుకోలేదు. మొదటి మూడు నెలలు ఒంటరిగానో, మనకన్నా నెమ్మదిగా తొక్కేవారితోనో వెళ్లడమే మంచిదని నా నమ్మకం.

చలికాలంలో గాలి తిరుగుతుంది. తూర్పు నుంచి వీస్తుంది కాబట్టి వికారాబాద్ వైపు వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. తేలికగా ఉంది కదా అని ఇంకో ఇరవై కిలోమీటర్లు ముందుకెళ్తే, అలసిపోయిన కాళ్లతో తిరిగి వచ్చేటప్పుడు అంతా ఎదురుగాలే. అందుకే చలికాలంలో ఎంత దూరం వెళ్లాలో ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరాలి.

జనవరిలో 200 బ్రెవేకు వెళ్లాను. చీకట్లో బయల్దేరి, గంటన్నరకోసారి ఐదు నిమిషాలు ఆగి, అరగంటకోసారి ఏదో ఒకటి నమిలి, గేర్ ఎప్పుడూ బరువెక్కనివ్వకుండా 12 గంటల 50 నిమిషాల్లో పూర్తి చేశాను. నాకన్నా వెనక ఇంకో ముగ్గురే ఉన్నారు. మర్నాడు పొద్దున లేవగానే ముందు మెట్ల దగ్గరికి వెళ్లి దిగి చూశాను. మోకాలు ఏమీ అనలేదు. కుడి చేతి చిటికెన వేలు మాత్రం రెండు రోజులు తిమ్మిరిగా ఉంది. 300కి ముందు హ్యాండిల్ ఇంకో సెంటీమీటరు పైకి లేపాలి.